పనితనానికి ఇంగ్లీషులో ఎన్ని పేర్లు: స్కిల్ నుంచి డెక్స్టెరిటీ దాకా

ధర్మవరంలో మగ్గం నేసే మనిషి గురించో, నిమ్మలకుంటలో తోలుబొమ్మ చెక్కే మనిషి గురించో ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాయవలసి వచ్చినప్పుడు, అనంతపురం ప్రాంతంలో ఆ పని చేసిపెట్టేవారి కలం దాదాపు ఎప్పుడూ ఒకే చోట ఆగుతుంది. ప్రదర్శనలో బొమ్మ పక్కన పెట్టే చీటీ కావచ్చు, బ్యాంకు రుణానికి దరఖాస్తు కావచ్చు, ఆన్‌లైన్ అమ్మకాల్లో చీర ఫొటో కింద వచ్చే పరిచయం కావచ్చు, ‘ఈయన తన పనిలో మంచి నేర్పరి’ అన్న ముక్క దగ్గరికి వచ్చేసరికి స్కిల్డ్, స్కిల్‌ఫుల్, ఎక్స్‌పర్ట్, ఎడెప్ట్, డెఫ్ట్, డెక్స్టరస్, ప్రొఫిషియెంట్, కాంపిటెంట్, మాస్టర్ అంటూ పదో పన్నెండో మాటలు బారులు తీరి నిలబడతాయి. నిఘంటువు తెరిస్తే అన్నిటికీ నేర్పు, నైపుణ్యం, ప్రావీణ్యం అన్న అర్థాలనే అటూ ఇటూ మార్చి ఇస్తుంది. దాంతో ఇవన్నీ ఒకే అర్థానికి వేర్వేరు పేర్లని, వినడానికి బరువుగా ఉన్నదాన్ని ఎంచుకుంటే సరిపోతుందని అనుకోవడం మామూలైపోయింది.

ఇందులో నిఘంటుకారుల తప్పేమీ లేదు. 1820లో కంపెనీ ఉద్యోగిగా కడపకు వచ్చి, ఆ ఊళ్ళో ఇల్లు కొని పండితులను కూర్చోబెట్టి తెలుగు గ్రంథాలను పరిష్కరింపజేసిన సి.పి. బ్రౌన్ మొదలుకొని ద్విభాషా నిఘంటువు కూర్చిన ప్రతివారూ దగ్గరి మాటలను ఒక గుంపుగా ఇవ్వగలరే తప్ప, ఆ గుంపులో దేన్ని ఎప్పుడు వాడాలో ప్రతి మాట కిందా వ్యాసం రాయలేరు. ఎంచుకునే పని చదువరిది. ఎంచుకోవడానికి కావలసిన ఆధారం ఏమిటంటే, ఈ మాటల మధ్య ఉన్నది కేవలం ఎక్కువ తక్కువల తేడా కాదని, ఒక్కో మాట ఒక్కో ప్రశ్నకు జవాబుగా పుట్టిందని గ్రహించడం. చెయ్యి ఎలా కదులుతున్నది అన్నది ఒక ప్రశ్న. ఎంత అనుభవం మీద ఈ స్థితికి వచ్చాడు అన్నది మరొకటి. ఎవరు పరీక్షించి ఒప్పుకున్నారు అన్నది ఇంకొకటి. రోజుకు ఎంత కూలి ఇవ్వాలి అన్నది వీటన్నిటికంటే వేరైన ప్రశ్న. ఏ ప్రశ్నకు జవాబు చెబుతున్నామో తెలియకుండా మాట వాడితే వాక్యం వ్యాకరణానికి సరిపోతుంది గాని, అందులోని మనిషి మరొకడిలా కనిపిస్తాడు.

అన్నిటికంటే విరివిగా వినబడే స్కిల్‌తోనే మొదలుపెడదాం. ఈ మాట ఇంగ్లీషులో పుట్టినది కాదు, ఉత్తర సముద్రం దాటి వచ్చిన నార్వే, డెన్మార్కు ప్రాంతాలవారి పాత నార్స్ భాష నుంచి చేరినది. అక్కడ దాని మూలార్థం వేరుచేయడం, తేడా కనిపెట్టడం. మధ్యయుగపు ఇంగ్లీషులో కూడా స్కిల్ అంటే చాలాకాలం వివేకం, యుక్తాయుక్త విచక్షణ అనే భావమే నడిచింది, చేతిపనికి అతుక్కున్నది తరువాతి కాలంలో. ఈ మూలార్థం పోయినట్టు కనిపించినా లోపల బతికే ఉంది. స్కిల్ ఉన్నవాడు అంటే వేగంగా చేసేవాడని కాదు, ఎక్కడ ఏది తేడాగా ఉందో పట్టుకోగలిగినవాడని.

పట్టుచీర నేతలో ఒక దశ దీనికి మంచి ఉదాహరణ. మగ్గం మీద పడుగు అయిపోవస్తున్నప్పుడు పాత పోగుల చివరలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా వేళ్ళతో మెలిపెట్టి అతుకుతారు. పోగులు వేలల్లో ఉంటాయి. చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య రెండు కొసలు ఒక్క క్షణం కలిసి, ఒక మెలిక పడి, విడిపోతాయి. చూసేవాడి కంటికి ఆ మెలిక ఆనదు. పక్కన కూర్చుని చూస్తే మొదట ఆశ్చర్యపరిచేది వేగమే. కాసేపు చూశాక అర్థమయ్యేది వేరు. ఒక పోగు కాస్త వదులుగా ఉన్నా, వరుసలో ఒకటి తప్పి పక్కదాని చోటికి వచ్చినా ఆ వేళ్ళు ఆగిపోతాయి. కన్ను చూడకముందే చెయ్యి తేడా కనిపెడుతుంది. ఒక్క పోగు వరుస తప్పితే అంచులోని బొమ్మ చీర పొడవునా చెడిపోతుంది కనుక అసలు పని ఆ ఆగడంలోనే ఉంది. వేళ్ళ వేగాన్ని చెప్పడానికి డెఫ్ట్ సరిపోతుంది. ఆగవలసిన చోట ఆగడాన్ని చెప్పాలంటే స్కిల్ కావాలి.

ఇక్కడే స్కిల్డ్, స్కిల్‌ఫుల్ అన్న రెంటినీ విడదీసి చూడాలి. స్కిల్డ్ అనేది శిక్షణ, అనుభవం ఉన్న స్థితిని చెబుతుంది, అందుకే మనిషికీ, పనికీ, కూలి తరగతికీ చేరుతుంది. స్కిల్‌ఫుల్ అనేది చేసిన తీరును చెబుతుంది. స్కిల్డ్ పనివాడు ఒకరోజు మనసు పెట్టక పాడుగా పని చేయవచ్చు, అప్పుడు ఆ పని స్కిల్‌ఫుల్‌గా జరగలేదు, కాని అతడు స్కిల్డ్ కాకుండా పోడు. బ్రిటిష్ వాడుకలో స్కిల్‌ఫుల్ మొదటి సగంలో ఒకే ఎల్ అక్షరం రాస్తారు, అమెరికాలో రెండు రాస్తారు. ఇంతకు మించి ఈ జంట గురించి తెలుసుకోవలసినది లేదు.

డెక్స్టెరిటీ కథ స్కిల్ కంటే రుచికరమైనది, మన భాషలకు చుట్టరికం కూడా ఉన్నది. లాటిన్‌లో డెక్స్టర్ అంటే కుడి. కుడిచెయ్యి వాటం కనుక పని బాగా చేసేది అదే, దాని నుంచి డెక్స్టెరిటీ అంటే చేతి నేర్పు అయింది. సంస్కృతంలోని దక్షిణ శబ్దం ఈ లాటిన్ మాటకు దూరపు అక్క. తూర్పు ముఖంగా నిలబడితే కుడిచేతి వైపు ఉన్న దిక్కు దక్షిణం. సమర్థుడు దక్షుడు, అతని సామర్థ్యం దక్షత. అంటే కుడికీ నేర్పుకీ ముడిపెట్టడం ఒక్క యూరపు అలవాటు కాదు, సంస్కృతం, లాటిన్ రెండూ చేరిన ఇండో-యూరోపియన్ కుటుంబంలోని ఎన్నో భాషలు పంచుకున్న పాత ఆస్తి. ఫ్రెంచి దారిలో వచ్చిన అడ్రాయిట్‌లోనూ సరిగా, తిన్నగా అనే భావమే ఉంది. దానికి ఎదురుగా ఎడమకు దక్కినవి నిందలు. ఫ్రెంచిలో ఎడమ అని అర్థం ఉన్న గోష్ ఇంగ్లీషులోకి వచ్చేసరికి నలుగురిలో మెలగడం రానివాడికి పేరయింది, లాటిన్‌లో ఎడమ అని అర్థమున్న సినిస్టర్ కీడు శంకించే మాటయింది. రెండు చేతులతో సమానంగా పని చేయగలవాణ్ణి మెచ్చుకోవడానికి ఇంగ్లీషు వాడే యాంబిడెక్స్టరస్ కూడా అక్షరాలా ‘రెండూ కుడిచేతులే ఉన్నవాడు’ అనే చెబుతుంది. ఎడమచేతికి నేర్పు వచ్చినా దానికి కుడిచెయ్యిగా ప్రమోషన్ ఇచ్చారే గాని ఎడమగా గౌరవించలేదు.

ఈ విషయంలో అర్జునుడి బిరుదు ఉదారమైనది. సంస్కృతంలో సవ్యం అంటే ఎడమ, ఎడమచేత కూడా విల్లు లాగగలవాడు సవ్యసాచి. ఇందులో ఎడమ ఎడమగానే ఉండి పొగడ్తకు పాత్రమైంది. మన మాటల్లో మాత్రం సవ్యంగా అంటే సరిగ్గా అని తిరగబడింది. జంధ్యం ఎడమ భుజం మీద ఉండడమే మామూలు స్థితి కనుక అది సవ్యమై, తద్దినంలో కుడి భుజం మీదకు మార్చడం అపసవ్యమై, అక్కడి నుంచి సవ్యం అన్నదే సరైన పద్ధతికి పేరుగా నిలిచింది. ఎడమ అని అర్థమున్న మాట ‘రైట్’ అన్న అర్థానికి రావడం ప్రపంచ భాషల్లో అరుదనే నా అనుమానం.

పుట్టుక ఏదైనా నేటి ఇంగ్లీషులో డెక్స్టెరిటీ ముఖ్యంగా చేతికీ వేళ్ళకీ సంబంధించినది. ఆసుపత్రుల్లో, కర్మాగారాల్లో మాన్యువల్ డెక్స్టెరిటీ అనే పేరుతో దాన్ని కొలుస్తారు. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ టిఫిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1948లో రూపొందించిన పరీక్ష ఇప్పటికీ వాడుకలో ఉంది. ఒక పలక మీద 25 చొప్పున రెండు నిలువు వరుసల్లో రంధ్రాలుంటాయి. 30 సెకన్లలో కుడిచేత్తో ఎన్ని చిన్న మేకులు పెట్టగలరు, ఎడమచేత్తో ఎన్ని, రెండు చేతులతో ఎన్ని అని లెక్కిస్తారు. కర్మాగారంలో కూర్పు పనులకు మనుషులను ఎంపిక చేయడం కోసం పుట్టిన ఈ పరీక్షను తరువాత పక్షవాతం వంటి జబ్బుల్లో చేతి పట్టు ఎంత తిరిగి వచ్చిందో చూడడానికీ వాడుతున్నారు. ఒక మనిషి డెక్స్టెరిటీ దెబ్బతిన్నది అని వైద్యుడు రాస్తే ఆయన ఉద్దేశం ఈ కొలతకు అందే విషయమే, ఆ మనిషికి పని తెలియదని కాదు. నలభై ఏళ్ళు మగ్గం మీద కూర్చున్న పెద్దాయనకు వేళ్ళు వణుకుతున్నప్పుడు డెక్స్టెరిటీ తగ్గుతుంది. చీరలో దోషం ఎక్కడుందో చెప్పే స్కిల్ ఆయన దగ్గర అలాగే ఉంటుంది.

అయితే రంధ్రంలో మేకు పెట్టడం వరకే డెక్స్టెరిటీని కుదించడం సరి కాదని వాదించినవారిలో సోవియట్ శాస్త్రవేత్త నికొలాయ్ బెర్న్‌స్టైన్ ముఖ్యుడు. 1920లలో మాస్కోలోని కేంద్ర శ్రమ సంస్థలో ఆయన సుత్తితో ఉలిని కొట్టే పనివాళ్ళ కదలికలను పరిశీలించాడు. వాళ్ళ భుజానికి, మోచేతికి, మణికట్టుకు, సుత్తికి చిన్న విద్యుద్దీపాలు కట్టి, ఆ వెలుగుల జాడలు వరుసగా పడేలా ఫొటోలు తీశాడు. అలవాటుపడిన చెయ్యి ప్రతి దెబ్బనూ అచ్చు గుద్దినట్టు ఒకేలా వేస్తుందని అనుకుంటాం. ఆ ఫొటోల్లో కనిపించింది అది కాదు. సుత్తి ఉలి తలమీద పడే దారిలో తేడా తక్కువ, భుజం, మోచెయ్యి, మణికట్టు కదిలే దారుల్లో మాత్రం దెబ్బ దెబ్బకూ తేడా ఎక్కువ. ఒక కీలు కాస్త ఎక్కువ కదిలితే మరొకటి సర్దుకుంటున్నది. అంటే నేర్చిన చెయ్యి ఒకే కదలికను తిరిగి చేయదు, ఒకే ఫలితానికి ప్రతిసారీ కొత్త దారి వెతుక్కుంటుంది. ఏ పరిస్థితి ఎదురైనా దానికి తగిన కదలికను అప్పటికప్పుడు కనిపెట్టగలగడమే అసలైన డెక్స్టెరిటీ అని ఆయన తేల్చాడు.

ఈ మాట పుస్తకంలో చదివేకంటే పూర్వపు కర్నూలు జిల్లాలోని ఆళ్ళగడ్డలో శిల్పుల కొట్ల ముందు నిలబడితే తొందరగా నమ్మకం కుదురుతుంది. విగ్రహం వీపు మీద పడే దెబ్బ వేరు, ముక్కు కొస దగ్గర పడే దెబ్బ వేరు, రాయిలో సన్నని చార తగిలినచోట ఉలి వంపు మారుతుంది. ఆ మార్పును శిల్పి ఆలోచించి చేసినట్టు కనిపించదు. ఈ విశాలార్థంలో డెక్స్టెరిటీ అన్న మాట ఆయనకు చక్కగా సరిపోతుంది, పరీక్ష పలక అర్థంలో మాత్రం ఆయనకు అది చాలా చిన్న చొక్కా.

చేతి కదలికకు సంబంధించిన మిగతా మాటలను త్వరగా చూసి దాటవచ్చు. డెఫ్ట్‌లో వేగంతో పాటు సుకుమారం ఉంది, మొరటుతనం లేని చెయ్యి అది. మృదువైన, సాధువైన అనే అర్థమున్న పాత ఇంగ్లీషు మాట రెండుగా చీలి ఒక కొమ్మ డెఫ్ట్‌గా, మరో కొమ్మ తిక్క, వెర్రి అనే అర్థమున్న డాఫ్ట్‌గా మిగలడం భాషలు చేసే వింతల్లో ఒకటి. నింబుల్ చురుకైన వేళ్ళకు, పాదాలకు, బుద్ధికి కూడా వాడతారు. ఏజైల్ శరీరమంతటి చలాకీతనం, కబడ్డీ ఆటగాడికి సరిపోతుంది గాని కంసాలికి సరిపోదు. అడ్రాయిట్ ఈ కాలంలో చేతికంటే ఎక్కువగా చిక్కు పరిస్థితిని తెలివిగా దాటించడానికి వాడుతున్నారు కనుక పంచాయితీ తీర్చే పెద్దమనిషికి అది మంచి మాట. హ్యాండీ అంటే ఇంట్లో ఫ్యాను, కుళాయి బాగుచేసుకోగలవాడు. పొగడ్తే గాని చిన్న పొగడ్త, వృత్తిగా పని చేసేవాడికి వాడితే చిన్నచూపు అవుతుంది.

నాక్ గురించి మాత్రం కాస్త ఆగాలి, ఎందుకంటే దానికి తెలుగులో అచ్చంగా కుదిరే జోడు ఉంది. నాక్ అంటే ఒడుపు. ఒక ప్రత్యేకమైన చిన్న పనిలో, నేర్పితే పూర్తిగా రానిదీ, తెలిస్తే సులువుగా అయిపోయేదీ ఒడుపు. నిమ్మలకుంటలో బొమ్మలకు వాడే మేకతోలును వెలుగు పారేంత పలచగా తయారుచేశాక, దాని మీద బొమ్మ గీసి, నగలు వచ్చే చోట చిన్న చిన్న ఉలులతో రంధ్రాలు వేస్తారు. తెర వెనుక దీపం వెలిగినప్పుడు కంఠాభరణాలు మెరిసేది ఆ రంధ్రాల్లోంచి వచ్చే వెలుగుతోనే. రెండు రంధ్రాల మధ్య మిగిలే తోలు వెంట్రుక మందం ఉంటుంది, దెబ్బ కాస్త బరువుగా పడితే రెండూ కలిసిపోయి హారంలో బొక్క పడుతుంది. ఆ దెబ్బ బరువు ఎంత ఉండాలో చెప్పడం సాధ్యం కాదు, చూపించడం సాధ్యం, చేసి చేసి పట్టుకోవడం సాధ్యం. అది నాక్. కాని బొమ్మలాటలో కథ తెలియడం, పద్యం పాడడం, ఏ పాత్రకు ఏ రంగో తెలియడం, బొమ్మను ఆడించడం అన్నీ కలిపితే నాక్ అనకూడదు. ఏళ్ళ తరబడి నేర్చిన విద్యను ఒడుపు అంటే తగ్గించి చెప్పినట్టే.

దీనికి ఎదురుగా మనకున్న హస్తవాసికి ఇంగ్లీషులో జోడు దొరకదు. ఒక ఆర్.ఎం.పి. డాక్టరు సూది వేస్తేనే జ్వరం తగ్గుతుందని ఊరివాళ్ళు నమ్మినప్పుడు చెప్పే ఆ గుణం శిక్షణ కాదు, కదలిక కాదు, అనుభవమూ కాదు, చేతికి ఉన్న అదృష్టం. దాన్ని స్కిల్ అని అనువదించేవాళ్ళు ఆ డాక్టరుకు లేని చదువును అంటగడుతున్నారు.

ఇప్పుడు మెట్ల వరుస. కాంపిటెంట్, ప్రొఫిషియెంట్, ఎక్స్‌పర్ట్ అన్న మూడింటి మధ్య నిజంగానే ఎక్కువ తక్కువల తేడా ఉంది, బయోడేటాలు రాసేవాళ్ళు ఎక్కువగా తడబడేదీ ఇక్కడే. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పని చేసిన హ్యూబర్ట్, స్టువర్ట్ డ్రైఫస్ సోదరులు అమెరికా వైమానిక దళం కోసం 1980లో చేసిన అధ్యయనంలో మనిషి నేర్పు దశలను ప్రతిపాదించారు. తరువాత సవరించుకున్న రూపంలో అవి ఐదు. నోవిస్ అంటే కొత్తగా చేరినవాడు, చెప్పిన నియమం చెప్పినట్టు పాటిస్తాడు. తరువాత దశ అడ్వాన్స్‌డ్ బిగినర్, నియమంలో లేని సూచనలు కొన్ని అనుభవంతో గుర్తుపడతాడు. కాంపిటెంట్ అయినవాడు ఏది ముఖ్యమో ఏది కాదో ఎంచుకుని, ఒక పథకం వేసుకుని, ఫలితానికి తానే బాధ్యుడవుతాడు. ప్రొఫిషియెంట్ దశలో పరిస్థితి చూడగానే అర్థమవుతుంది, ఏం చేయాలో మాత్రం ఇంకా ఆలోచించుకోవాలి. ఎక్స్‌పర్ట్‌కు చూడడం, చేయడం రెండూ ఒక్క ఊపిరిలో జరిగిపోతాయి, ఎందుకలా చేశావని అడిగితే వెంటనే కారణం చెప్పలేకపోవచ్చు కూడా. నర్సుల శిక్షణలో ఈ వరుస బాగా స్థిరపడింది. అన్ని వృత్తులకూ ఇదే కొలత సరిపోతుందని నేను అనుకోను, అయినా మాటల బరువు తెలుసుకోవడానికి దీనికంటే సులువైన దారి లేదు.

ఈ వరుస చూస్తే కాంపిటెంట్ అనేది నడిమి మెట్టని తెలుస్తుంది. పేరున్న చేనేత కళాకారుణ్ణి పరిచయం చేస్తూ కాంపిటెంట్ వీవర్ అని రాస్తే, చదివే ఇంగ్లీషువాడు ‘పరవాలేదు, పని నడిపిస్తాడు’ అని అర్థం చేసుకుంటాడు. మనకు ఆ మాట గొప్పగా వినబడడానికి కారణం కలెక్టరేటు కాగితాలే అయి ఉంటుంది. అక్కడ కాంపిటెంట్ అథారిటీ అంటే ఉత్తర్వు ఇవ్వడానికి చట్టరీత్యా అధికారం ఉన్న అధికారి. ఆయనకు పని వచ్చా రాదా అన్న ప్రసక్తి అందులో లేదు. ప్రొఫిషియెంట్ ఎక్కువగా భాషలకు, సాఫ్ట్‌వేర్లకు, సంగీత వాద్యాలకు కుదురుతుంది. ఐరోపా దేశాలు 2001లో ప్రచురించుకున్న భాషా ప్రమాణాల పట్టికలో పై రెండు మెట్లలో ఉన్నవారిని ప్రొఫిషియెంట్ యూజర్లు అన్నారు కనుక, ఇంగ్లీషు వార్తలు తడుముకుంటూ చదివే అభ్యర్థి బయోడేటాలో ఆ మాట రాసుకుంటే ఇంటర్వ్యూలో ఇబ్బంది పడతాడు. ఎక్స్‌పర్ట్ మాట పరీక్షించి చూడడం అన్న లాటిన్ క్రియ నుంచి వచ్చింది, ఎక్స్‌పీరియెన్స్, ఎక్స్‌పెరిమెంట్ దాని తోబుట్టువులు. ఎడెప్ట్ అంటే పొందినవాడు. ఇనుమును బంగారం చేసే రహస్యం తమకు చిక్కిందని చెప్పుకున్న రసవాదులు 17వ శతాబ్దంలో ఆ బిరుదు పెట్టుకునేవారు. వాళ్ళకు బంగారం దొరకలేదు గాని మాట మాత్రం ఇంగ్లీషుకు దక్కింది.

నేర్పును చెప్పే మాటలకు కాలక్రమంలో మచ్చ పడడం ఇంకొక చిక్కు. కన్నింగ్ ఒకప్పుడు తెలియడం, చేతనవడం అన్న అర్థం నుంచి వచ్చిన గౌరవమైన మాట. 1611లో అచ్చయిన ఇంగ్లీషు బైబిలులో గుడారపు పని చేసే మంచి పనివాడు కన్నింగ్ పనివాడే. కీర్తనల్లో 137వ దానిలో చెరలో ఉన్నవారు తమ నగరాన్ని మరిచిపోతే కుడిచెయ్యి తన కన్నింగ్‌ను మరిచిపోవాలని శపించుకుంటారు. తెలుగు బైబిలు అదే చోట ‘కుడిచేయి తన నేర్పు మరచును గాక’ అని చక్కగా చెప్పింది. నేడు ఏ పనివాణ్ణి కన్నింగ్ అన్నా అది జిత్తులమారి అనే తిట్టే. క్రాఫ్ట్ పాత ఇంగ్లీషులో బలం, శక్తి. జర్మన్‌లో ఆ మాటకు ఇప్పటికీ బలమనే అర్థం. ఇంగ్లీషులో క్రాఫ్ట్ చేతివృత్తికి పేరై గౌరవం నిలుపుకున్నా, దాని విశేషణమైన క్రాఫ్టీ మోసగాడి పక్కన చేరింది. గారడీవాడి హస్తలాఘవానికి వాడే స్లైట్ కూడా స్లై అనే టక్కరితనపు మాటకు చుట్టమే.

తెలుగువాళ్ళకు ఇది కొత్త కాదు. కుడిచేతి వాటం, ఎడమచేతి వాటం అన్నంతవరకు నిర్దోషంగా ఉన్న మాట ‘చేతివాటం చూపించాడు’ అనేసరికి గల్లాపెట్టె దగ్గరికి పోతుంది. జాణ, గడుసు అన్నవీ ఒకే ఊపిరిలో మెచ్చుకోలూ, హెచ్చరికా. కారణం ఊహించడం కష్టం కాదు. చేసేవాడికి తెలిసినదీ చూసేవాడికి తెలియనిదీ ఉన్నప్పుడు, తూకం వేసే చోటనో, నగ కరిగించే చోటనో తనను ఏమారుస్తున్నాడేమో అన్న శంక చూసేవాడికి తప్పదు. ఆ శంక క్రమంగా మాటలోకి ఇంకుతుంది. కాబట్టి ప్రొద్దుటూరు బంగారు పనివారి గురించి ఇంగ్లీషులో రాసేటప్పుడు క్రాఫ్ట్‌స్‌మన్ అనవచ్చు గాని, పొరపాటున కూడా క్రాఫ్టీ అనకూడదు.

చేతికీ తలకూ మధ్య ఇంగ్లీషు గీసిన గీత కూడా మాటల్లో కనిపిస్తుంది. సర్జన్ అన్న మాటకు గ్రీకు మూలంలో అర్థం చేతిపని చేసేవాడనే. లండన్‌లో 1540 నుంచి 1745 వరకు సర్జన్లూ మంగలివారూ ఒకే సంఘంలో ఉండేవారు. విశ్వవిద్యాలయంలో చదివిన ఫిజిషియన్‌ను డాక్టరు అనేవారు, సర్జన్ మిస్టరే. బ్రిటన్‌లో ఇప్పటికీ సర్జన్లు మిస్టర్ అనిపించుకోవడానికే ఇష్టపడతారు. ఒకప్పటి చిన్నచూపు ఇప్పుడు వాళ్ళకు హోదా గుర్తు. ఆర్టిస్ట్, ఆర్టిజాన్ అన్న జంటలో అదే గీత కొనసాగుతోంది. సొంత ఊహతో సృష్టించేవాడు ఆర్టిస్ట్ అని, వారసత్వంగా వచ్చిన నమూనాను చేత్తో చేసేవాడు ఆర్టిజాన్ అని సాధారణ వాడుక. నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ కళారంగం కింద వచ్చింది, అంటే అక్కడ ఆయన ఆర్టిస్ట్. అదే ఊళ్ళో అదే తోలుతో లాంప్‌షేడ్లు చేసేవారికి హస్తకళల విభాగం ఇచ్చే గుర్తింపు కార్డు మీద ఉండేది ఆర్టిజాన్. పని చూస్తే ఈ గీత నాకు కనబడదు. ఇంగ్లీషు మాత్రం రెంటిలో ఒకటి ఎంచుకోమంటుంది కనుక, ప్రదర్శనశాల చీటీకి ఆర్టిస్ట్, పథకం దరఖాస్తుకు ఆర్టిజాన్ అని రాయడం లోకజ్ఞానం.

మిగిలింది కూలి రేటు ప్రశ్న. కనీస వేతనాల నోటిఫికేషన్లలో పనులను అన్‌స్కిల్డ్, సెమీ స్కిల్డ్, స్కిల్డ్, హైలీ స్కిల్డ్ అని నాలుగుగా విభజిస్తారు. ఇక్కడ స్కిల్డ్ అనేది మెప్పు కాదు, వేతనాల పట్టికలో ఒక గడి. ఎంత డెఫ్ట్ అయినా, ఎంత ఎడెప్ట్ అయినా ఆ మాటలకు రేటు ఉండదు. అందుకే దరఖాస్తుల్లో అలంకారపు మాటలు మాని, పట్టికలో ఉన్న మాటనే రాయాలి.

వీటిలో అన్‌స్కిల్డ్‌కు అనంతపురంతో ప్రత్యేకమైన సంబంధం ఉంది. గ్రామీణ ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైంది 2006 ఫిబ్రవరి 2న ఈ జిల్లాలోని నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ పథకానికి ఆధారమైన 2005 చట్టం ఇంటికి ఏడాదిలో 100 రోజుల అన్‌స్కిల్డ్ మాన్యువల్ వర్క్ ఇస్తామని చెప్పి, ఆ మాటకు నిర్వచనం కూడా ఇచ్చింది. ఏ నైపుణ్యమూ, ప్రత్యేక శిక్షణా లేకుండా వయోజనులెవరైనా చేయగల శారీరక శ్రమ అని దాని సారాంశం. దీని ఉద్దేశం మంచిదే, పని అడిగిన ఎవరినీ నీకు రాదని తిప్పి పంపకూడదని. లెక్కల్లో దీని పర్యవసానం మాత్రం విచిత్రంగా ఉండేది. అదే చోట చెక్‌డ్యామ్ కట్టే మేస్త్రీ స్కిల్డ్ కనుక ఆయన కూలి సిమెంటు, రాయి, ఇసుకతో పాటు సామగ్రి ఖర్చులోకి చేరేది, ఆ మొత్తం పథకం ఖర్చులో 40 శాతం దాటకూడదన్నది నియమంగా ఉండేది. మనిషి స్కిల్డ్ అయ్యేసరికి పద్దులో సామానుల పక్కన కూర్చున్నాడు.

చట్టం ఇచ్చిన నిర్వచనంలో అన్‌స్కిల్డ్ అనేది పనికి విశేషణం. కాని వాడుకలో అది జారి మనిషికి తగులుకుంది, అన్‌స్కిల్డ్ లేబర్ అనీ, తెలుగు పత్రాల్లో ‘నైపుణ్యం లేని కూలీలు’ అనీ స్థిరపడింది. ఎండాకాలంలో గట్టిపడిన ఎర్రనేలలో ఫారం పాండ్ తవ్వేచోట అంచు కూలకుండా గోడ ఏటవాలుగా దించడం, తట్ట నింపే కొలత, ఎత్తే మనిషికీ అందుకునే మనిషికీ మధ్య కుదిరే లయ, చెలగపార ఎక్కడ దిగితే పెళ్ళ పగులుతుందో తెలియడం చూసినవారెవరూ ఆ మనుషులను నైపుణ్యం లేనివారని అనలేరు. స్కిల్ అన్న మాటకు మొదట ఉన్న తేడా కనిపెట్టే అర్థం తీసుకుంటే నేల పొరను చూసి పార దించే మనిషి స్కిల్డే. చట్టం చెప్పింది ఆ మనిషి గురించి కాదు, పనిలో చేరడానికి ముందే శిక్షణ అడగని పని గురించి. కనుక తెలుగులోకి తెచ్చేటప్పుడు ‘నైపుణ్యం లేని కూలీలు’ అనే బదులు ‘ముందస్తు శిక్షణ అవసరం లేని పని’ అని రాస్తే విశేషణం తిరిగి తన చోటికి చేరుతుంది. మస్టరు రోల్‌లో శీర్షిక ఒక రెండు మాటలు పొడుగవుతుంది, అంతే.